రెండు బేల నాస్‌లో ఒక డిస్క్ పాడైంది: మార్చే ముందు ఏం చూసుకోవాలి?

సాగరతీరం (కాకినాడ)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో సైనాలజీ డీఎస్218జే అనే నాస్ ఉంది, అంటే ఇంటి నెట్‌వర్క్‌కు కలిపి అందరూ ఫైళ్లు దాచుకునే పెట్టె. డిస్కులు పెట్టే అరలు (బేలు) రెండు. అందులో రెండు 4 టీబీ డిస్కులు, సైనాలజీ వాళ్ల ఎస్‌హెచ్‌ఆర్ పద్ధతిలో ఒకదానికొకటి మిర్రర్‌గా, అంటే రెండింట్లోనూ ఒకే డేటా ఉండేట్టు పెట్టాను. రెండు లాప్‌టాప్‌ల బ్యాకప్, ఇంట్లో అందరి ఫోన్ల ఫొటోలు దాంట్లోకే వెళ్తాయి. నాన్నగారి పాత ఫొటోల స్కాన్లు, క్యాసెట్ల నుంచి మార్పించిన పెళ్లి వీడియోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు కూడా అందులోనే ఉన్నాయి. మొత్తం 1.7 టీబీ దాకా ఉంటుంది.

నిన్న సాయంత్రం కరెంటు పోయి వచ్చాక బాక్స్ బీప్ కొట్టడం మొదలుపెట్టింది. స్టోరేజ్ మేనేజర్‌లో పూల్ (రెండు డిస్కులూ కలిసిన నిల్వ) ‘డిగ్రేడెడ్’ అని, డిస్క్ 1 ‘క్రిటికల్’ అని చూపిస్తోంది. దాని స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు ఇవి: రీఅలొకేటెడ్ సెక్టార్లు (సెక్టార్ అంటే డేటా రాసే చిన్న గడి) 1,312, పెండింగ్ సెక్టార్లు 248, సీఆర్‌సీ ఎర్రర్లు 0. పవర్ ఆన్ గంటలు 51 వేలు దాటాయి. వారంటీ ఎప్పుడో అయిపోయింది.

ఫైళ్లు ఇంకా తెరుచుకుంటున్నాయి. ఏ డిస్క్ కొనాలి, ఎలా మార్చాలి? చాలా టెన్షన్‌గా ఉంది, దయచేసి చెప్పండి.

ఓరుగల్లు టెక్ (హనుమకొండ)

ముందు ఆ బీప్ ఆపండి అన్నా, ఆ మోతలో ఏదీ ఆలోచించలేరు. కంట్రోల్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ అండ్ పవర్ తెరిస్తే బీప్ ఆపే బటన్ ఉంటుంది.

మీరిచ్చిన అంకెలను బట్టి ఇది కేబుల్ సమస్యో పిన్నుల సమస్యో కాదు. అలాంటిదైతే సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే స్మార్ట్ పట్టికలో 199వ వరుస, పెరుగుతాయి. మీకది సున్నా. 5వ వరుసలో 1,312 అంటే డిస్క్ ఇప్పటికే అన్ని సెక్టార్లను పక్కన పెట్టేసి రిజర్వులో ఉన్నవి వాడుకుంటోంది. 197వ వరుసలో 248 అంటే చదవడానికి ప్రయత్నించి చదవలేక ఆపి ఉంచినవి. కరెంటు పోవడం వల్ల పాడైందని నేననుకోను. పాడవుతూ ఉన్నది రీస్టార్ట్‌లో బయటపడింది. డిస్క్ మార్చాల్సిందే.

ఈ మోడల్‌లో నడుస్తుండగా డిస్క్ బయటికి లాగే వీలు లేదు. షట్‌డౌన్ చేసి, అడాప్టర్ తీసి, వెనక స్క్రూలు విప్పి పై కవర్ జరపాలి. అంతకన్నా ముందు స్టోరేజ్ మేనేజర్‌లో డిస్క్ 1 సీరియల్ నంబరు కాగితం మీద రాసుకోండి. స్టిక్కర్ మీదున్న నంబరుతో పోల్చి చూశాకే చెయ్యి పెట్టండి. బాగున్న డిస్క్ తీసేసి పాడైనది లోపల ఉంచేసిన కేసులు మా షాపుకు తరచూ వస్తుంటాయి.

లైనక్స్ మావయ్య (బెంగళూరు)

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక ప్రశ్న. ఆ 1.7 టీబీకి ఈ బాక్స్ బయట ఇంకో కాపీ ఉందా?

లేకపోతే ముందు కాపీ తియ్యండి, తర్వాతే డిస్క్ మార్చండి. ఈ వరస తప్పొద్దు. మిర్రర్‌లో ఒకటి పోయాక మిగిలిన డిస్క్ ఒక్కటే మీ డేటాకు ఆధారం. కొత్త డిస్క్ పెట్టి రిపేర్ నొక్కగానే ఆ ఒక్కదాన్నీ మొదటి సెక్టార్ నుంచి చివరిదాకా ఏకబిగిన చదివిస్తుంది. 4 టీబీ అంటే సెకనుకు 150 ఎంబీ లెక్కన చూసినా ఏడున్నర గంటలు, ఆ బాక్స్ ప్రాసెసర్‌కి ఇంకా ఎక్కువే పడుతుంది. రెండు డిస్కులూ ఒకే రోజు కొన్నవైతే రెండోదీ అంతే అరిగి ఉంటుంది. దానికి ఇంత పని పెట్టే ముందు ఫైళ్లు బయటికి తీసుకోవాలి.

డిస్క్ 2 స్మార్ట్ అంకెలు కూడా పెట్టండి.

సాగరతీరం

రెండూ ఒకేసారి కొన్నవే. డిస్క్ 2లో రీఅలొకేటెడ్ 0, పెండింగ్ 0, ‘హెల్దీ’ అని ఉంది.

బయట కాపీ లేదండి. ఇంట్లో 1 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఒకటుంది. దస్తావేజులు, ఫొటోలు అందులోకి వెళ్తాయి. వీడియోలు పట్టవు.

లైనక్స్ మావయ్య

ఇవాళే దాన్ని నాస్ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకు పెట్టి ఫైల్ స్టేషన్ నుంచి కాపీ మొదలుపెట్టండి. మళ్లీ ఎక్కడా దొరకనివి ముందు. లాప్‌టాప్‌ల బ్యాకప్ ఇమేజ్‌లను వదిలెయ్యండి, లాప్‌టాప్‌లు బాగానే ఉన్నాయి కదా, అవి మళ్లీ తీసుకోవచ్చు.

ఇంకోటి. డిస్క్ 2లో సున్నా చూసి నిశ్చింతగా ఉండకండి. పెండింగ్ అంకె పెరగాలంటే డిస్క్ ఆ సెక్టార్‌ని చదవడానికి ప్రయత్నించి ఉండాలి. డిస్క్ మొత్తాన్ని చదివి చూసే ఎక్స్‌టెండెడ్ టెస్ట్ ఎప్పుడైనా నడిపారా?

సాగరతీరం

లేదండి. క్విక్ టెస్ట్ మాత్రం షెడ్యూల్‌లో ఉంది, ఎప్పుడూ పాస్ అవుతోంది.

బెజవాడ ఫొటో (విజయవాడ)

పెళ్లిళ్ల ఫొటోగ్రఫీ నా వృత్తి, నాస్ లేకుండా రోజు గడవదు. కొనడం గురించి నేను చెబుతాను.

కొనేది సీఎమ్‌ఆర్ రకమే కావాలి, అంటే ట్రాకులు (డేటా రాసే వలయాలు) విడివిడిగా ఉండేది. ఎస్‌ఎమ్‌ఆర్ డిస్కుల్లో ట్రాకులు ఇంటి పైకప్పు పెంకుల్లా ఒకదాని అంచు మీద ఇంకోటి పడి ఉంటాయి. ఒకచోట తిరగరాయాలంటే పక్క ట్రాకులను కూడా తిరగరాయాలి. అప్పుడప్పుడూ కాస్త రాసే పనికి ఇబ్బంది ఉండదు, గంటల తరబడి ఆగకుండా రాసే రీబిల్డ్‌కి (రిపేర్ నొక్కితే జరిగేది ఇదే) వచ్చేసరికి చతికిలబడతాయి. 2020 ఏప్రిల్‌లో దీని మీద పెద్ద రగడ జరిగింది. నాస్ కోసమని అమ్ముతున్న డబ్ల్యూడీ రెడ్‌లో 2 నుంచి 6 టీబీ వరకు కొన్ని మోడళ్లు ఎస్‌ఎమ్‌ఆర్ అని అప్పుడే బయటపడింది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లకు రీబిల్డ్ మధ్యలో డిస్కులు ఎర్రర్లు ఇచ్చి బయటికి పోయాయి. ఆ తర్వాతే కంపెనీ సీఎమ్‌ఆర్ వాటిని రెడ్ ప్లస్ అని వేరు చేసింది. కాబట్టి ఉత్త ‘రెడ్’ వద్దు, రెడ్ ప్లస్ గాని, సీగేట్ ఐరన్‌వుల్ఫ్ గాని తీసుకోండి. రెండింటికీ మూడేళ్ల వారంటీ. తోషిబా ఎన్300 కూడా సీఎమ్‌ఆరే, అది 7,200 ఆర్‌పీఎమ్ కనుక కొంచెం మోత ఎక్కువ. పడగ్గది పక్కన పెట్టేట్టయితే ఆలోచించుకోండి.

సైజు 4 టీబీ గాని అంతకన్నా ఎక్కువ గాని ఉండాలి, తక్కువైతే రిపేర్‌కి ఒప్పుకోదు. వేరే కంపెనీదైనా ఫర్వాలేదు. నిజానికి అదే మేలు, రెండు డిస్కులూ ఒకే బ్యాచ్‌వి కాకుండా ఉంటాయి.

పొదుపు పద్దు (నెల్లూరు)

ఇంట్లో వాడకానికి ఈ మిర్రర్లూ రీబిల్డ్‌లూ అవసరమా? రెండు పెద్ద ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు కొని నెలకోసారి మార్చి మార్చి కాపీ చేసుకుంటే సరిపోదా? ఖర్చూ తక్కువే.

లైనక్స్ మావయ్య

మీరన్నదాంట్లో సగం నేనూ ఒప్పుకుంటాను. ఒకటే కొనగలిగితే ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనమనే నేను చెబుతాను. మిర్రర్ బ్యాకప్ కాదు. ఒక ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయితే రెండు డిస్కుల్లోంచీ అదే క్షణంలో పోతుంది. మిర్రర్ చేసే మేలు ఒక్కటే, డిస్క్ పోయిన రోజున కూడా పని ఆగదు.

ఇక ‘నెలకోసారి చేత్తో కాపీ’ దగ్గరే నాకు అభ్యంతరం. మొదటి నెల చేస్తారు, రెండో నెల చేస్తారు, ఆ తర్వాత పండగ వస్తుంది, పరీక్షలు వస్తాయి. ఫోన్ నుంచి ఎవరూ ఏమీ నొక్కకుండానే ఫొటోలు నాస్‌లోకి వెళ్లడం వల్లే చాలా ఇళ్లలో ఫొటోలు మిగిలాయి.

సాగరతీరం

అప్‌డేట్. 1 టీబీ డ్రైవ్‌లోకి ఫొటోలు, దస్తావేజులు అన్నీ వెళ్లాయి, ఏ ఎర్రరూ రాలేదు. కొత్త డిస్క్ వచ్చింది, సీరియల్ నంబరు చూసుకునే డిస్క్ 1 మార్చాను. రిపేర్ మొదలైంది.

62 శాతం దగ్గర ఆగిపోయింది. పూల్ మళ్లీ ‘డిగ్రేడెడ్’ అంటోంది. రీస్టార్ట్ చేస్తే మొదటి నుంచి మొదలుపెట్టి మళ్లీ అక్కడికే వచ్చి ఆగింది. కొత్త డిస్కే లోపమా? వెనక్కి పంపాలా?

ఓరుగల్లు టెక్

పంపకండి. రిపేర్ మళ్లీ మళ్లీ నడపకండి కూడా, వెంటనే ఆపండి. ఇప్పుడు డిస్క్ 2 స్మార్ట్ చూసి చెప్పండి.

సాగరతీరం

పెండింగ్ 16 అని ఉంది! నిన్నటిదాకా సున్నా.

లైనక్స్ మావయ్య

అదే జరిగింది. ఆ 16 సెక్టార్లు ఇవాళ పాడైనవి కాకపోవచ్చు, ఎన్నాళ్ల నుంచో అలాగే ఉండి ఉండొచ్చు. అక్కడున్న ఫైల్‌ని ఎవరూ తెరవలేదు గనక డిస్క్‌కీ తెలియదు. క్విక్ టెస్ట్ ఒకటి రెండు నిమిషాల్లో ముగిసేది, అది డిస్క్ మొత్తాన్ని చదవదు. రీబిల్డ్ చదివింది కాబట్టి బయటపడింది. ఖాళీ చోటును వదిలేసే ఫాస్ట్ రిపేర్ అన్నది ఉంది కానీ అన్ని సెటప్‌లకూ వర్తించదు.

ఇందులో మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. రీబిల్డ్‌కి ప్రతి సెక్టారూ కావాలి, ఫైల్ కాపీకి అక్కర్లేదు. మీది 4లో 1.7 టీబీయే నిండింది. పాడైన సెక్టార్లు ఖాళీ చోట పడి ఉంటే ఒక్క ఫైలూ పోదు. ఫైళ్ల మీద పడినా ఆ ఒకటి రెండు ఫైళ్లే దెబ్బతింటాయి. కాబట్టి ఇక రిపేర్ మాట మర్చిపోండి. కొత్త డిస్క్‌ని బయటికి తీసి పక్కన పెట్టండి. 4 లేదా 5 టీబీ పోర్టబుల్ యూఎస్‌బీ డ్రైవ్ కొని నాస్‌కు తగిలించి, ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ కాపీ చెయ్యండి. ఎక్కడైనా ఎర్రర్ వస్తే ఆ ఫైల్ పేరు రాసుకుని ముందుకు సాగండి, దాన్నే పట్టుకుని పదేపదే చదివించొద్దు. ఐదారు గంటలు పడుతుంది, చిన్న ఫైళ్లు ఎక్కువైతే ఇంకాస్త. అంతసేపూ ఫ్యాన్ కింద గాలి తగిలేట్టు పెట్టండి.

బెజవాడ ఫొటో

ఆ పోర్టబుల్ డ్రైవ్‌లు చాలావరకు ఎస్‌ఎమ్‌ఆరే ఉంటాయి, కంగారు పడకండి. వరసగా ఒక్కసారి రాసి దాచుకునే పనికి అవి బాగానే ఉంటాయి. నాస్ లోపల మిర్రర్‌గా పెట్టడానికే పనికిరావు.

సాగరతీరం

కాపీ పూర్తయింది. పెళ్లి వీడియోల ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు తప్ప అన్నీ వచ్చాయి. ఆ రెండూ మా తాతగారు మాట్లాడిన భాగం. ఆయన గొంతు మా దగ్గర ఇంకెక్కడా లేదు. క్యాసెట్ కూడా బూజు పట్టి పోయింది. డేటా రికవరీ ల్యాబ్‌కి పంపితే చాలా ఖర్చవుతుందంటున్నారు.

ఓరుగల్లు టెక్

ల్యాబ్‌కి ఇప్పుడే వద్దు. మీరు తీసేసిన డిస్క్ 1 ఎక్కడుంది? దాన్ని జాగ్రత్తగా ఉంచారా? అది తిరిగేటప్పుడు టక్ టక్‌మని కొడుతోందా?

సాగరతీరం

బీరువాలో ఉంది. టక్ టక్ శబ్దమేమీ లేదు, మామూలుగానే తిరిగేది.

లైనక్స్ మావయ్య

అయితే ఆశ ఉంది, గట్టి ఆశే. రెండూ మిర్రర్‌లు కదా, ఆ వీడియోలు డిస్క్ 1లోనూ ఉన్నాయి. డిస్క్ 1లో వందల సెక్టార్లు పాడై ఉండొచ్చు, కానీ రెండు డిస్కుల్లోనూ సరిగ్గా ఒకే చోట పాడవడం అరుదు.

సైనాలజీ లోపల ఉండేది డిస్కులను కలిపే లైనక్స్ వాళ్ల మామూలు ఎండీ రైడ్, దాని మీద చోటును పంచే ఎల్‌వీఎమ్, దాని మీద ఫైళ్లను అమర్చే ఈఎక్స్‌టీ4. ఒక్క డిస్క్ ఉన్నా ఉబుంటు అనే లైనక్స్‌లో తెరవొచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు లైవ్ బూట్ చెయ్యండి, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఎమ్‌డీఏడీఎమ్, ఎల్‌వీఎమ్2 ప్యాకేజీలు వేసుకుని, పాత డిస్క్‌ని సాటా యూఎస్‌బీ డాక్‌లో పెట్టి, అర్రేని (మిర్రర్ జట్టుని) అసెంబుల్ చేసి రీడ్ ఓన్లీగా మౌంట్ చెయ్యండి, అంటే చదవడానికి మాత్రమే తెరవండి. రీడ్ ఓన్లీ అన్నది ముఖ్యం, ఆ డిస్క్ మీద ఒక్క బైట్ కూడా రాయకూడదు. నేరుగా ఆ రెండు ఫైళ్లే తీసుకోండి, మిగతావి తాకొద్దు. విండోస్ లాప్‌టాప్‌కి తగిలిస్తే ‘ఫార్మాట్ చేయాలా’ అనో ‘ఇనిషియలైజ్ చేయాలా’ అనో అడుగుతుంది. దేనికీ ఒప్పుకోవద్దు, అసలు తగిలించొద్దు.

మధ్యలో టక్ టక్ శబ్దం మొదలైతే ఆ క్షణమే పవర్ తీసెయ్యండి. అప్పుడు మాత్రం ల్యాబే.

సాగరతీరం

రెండు ఫైళ్లూ వచ్చాయి! మొదటి నుంచి చివరిదాకా ప్లే చేసి చూశాం, ఎక్కడా ఆగలేదు. అమ్మ పక్కనే కూర్చుని చూసింది. మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

రెండో కొత్త డిస్క్ కూడా కొంటున్నాను. రెండూ పెట్టి కొత్తగా పూల్ చేసి, యూఎస్‌బీ నుంచి తిరిగి ఎక్కిస్తాను. సరేనా?

ఓరుగల్లు టెక్

చాలా సంతోషం అన్నా. సరైన పద్ధతే. డిస్క్ రాగానే కంపెనీ సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో చూడండి, జీఎస్టీ బిల్లు దాచుకోండి. పవర్ ఆన్ గంటలు సున్నాకు దగ్గరగా ఉండాలి. అయితే ఆ అంకెను కూడా చెరిపేస్తున్నారు. 2025 జనవరిలో జర్మనీలో వాడేసిన సీగేట్ డిస్కులను గంటలు సున్నా చేసి కొత్తవిగా అమ్మిన సంగతి బయటికొచ్చింది. వాటిలో ఫార్మ్ అనే లాగ్ మాత్రం అసలు గంటలు చూపిస్తుంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవొచ్చు. మీరు ఐరన్‌వుల్ఫ్ తీసుకుంటే ఒకసారి చూసుకోండి.

డేటా ఎక్కించే ముందు రెండు డిస్కులకూ ఎక్స్‌టెండెడ్ టెస్ట్ పూర్తిగా నడపండి. కొత్త డిస్క్ పాడైతే మొదటి రోజుల్లోనే తెలియడం మంచిది, షాపువాడు మార్చి ఇస్తాడు.

సాగరతీరం

టెస్ట్‌లు పాసయ్యాయి, పూల్ ఆరోగ్యంగా ఉంది. డేటా తిరిగి వచ్చేసింది. ఇప్పుడు ఇంకో సమస్య. లాప్‌టాప్ బ్యాకప్ సెకనుకు 11 ఎంబీ దగ్గరే ఆగుతోంది. ఇంతకుముందు వందకు పైగా వచ్చేది. డిస్కుల వల్లనా?

లైనక్స్ మావయ్య

కాదు. 11 దగ్గర నిలకడగా ఉందంటే లింక్ గిగాబిట్ నుంచి 100 ఎంబీపీఎస్‌కి పడిపోయిందని అర్థం. గిగాబిట్‌కి ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది వైర్లూ కలవాలి, 100కి నాలుగు చాలు. బాక్స్ విప్పి బిగించేటప్పుడు కేబుల్ నలిగి ఉంటుంది, లేదా క్లిప్ విరిగి జాక్ వదులై ఉంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ స్టేటస్ చూడండి, కొత్త క్యాట్ 6 ప్యాచ్ కార్డ్ వేసి చూడండి. పనిలో పనిగా రూటర్‌లో నాస్‌కి ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) రిజర్వ్ చెయ్యండి, లేకపోతే ఐపీ మారిన రోజు బ్యాకప్ జాబ్‌లన్నీ దారి తప్పుతాయి.

సాగరతీరం

కేబులేనండి. మార్చగానే 108 వస్తోంది.

తెనాలి వాణి

చర్చ మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో ఇంకా పాత నాస్ ఉంది. విండోస్ 11 ప్రో 24హెచ్2 అప్‌డేట్ అయ్యాక లాప్‌టాప్‌కి అది కనిపిస్తోంది గాని తెరుచుకోవడం లేదు. డిస్క్ పోయిందేమోనని భయంగా ఉంది.

లైనక్స్ మావయ్య

డిస్క్ బాగానే ఉండి ఉంటుందమ్మా. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా తెరుస్తున్నారా? ఆ అప్‌డేట్‌తో ప్రోలో సైన్ చేసిన ఎస్‌ఎమ్‌బీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి) కనెక్షన్లే కావాలంటుంది, గెస్ట్‌గా వెళ్లనివ్వదు. నాస్‌లో మీ పేరుతో యూజర్, పాస్‌వర్డ్ పెట్టి, ఎస్‌ఎమ్‌బీ3 ఆన్ చేసి దాంతో లాగిన్ అవ్వండి. ఆ రక్షణను విండోస్‌లో ఆపేయమని చాలాచోట్ల రాస్తుంటారు, ఆపకండి. ఎస్‌ఎమ్‌బీ1 తప్ప ఏదీ రాని నాస్ అయితే మార్చే వేళయిందనుకోండి.

డల్లాస్ తెలుగు

సాగరతీరం గారూ, ఒక కాపీ ఇంటి బయట కూడా ఉంచండి. దొంగతనం, నీళ్లు, షార్ట్ సర్క్యూట్ ఏదొచ్చినా నాస్, దాని పక్కనున్న యూఎస్‌బీ డ్రైవ్ కలిసే పోతాయి. మేం హైదరాబాద్‌లో అమ్మావాళ్ల ఇంట్లో ఒకటి, ఇక్కడ ఒకటి పెట్టి ఒకదాని బ్యాకప్ ఇంకోదానికి పంపుకుంటాం. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ పూర్తిగా వచ్చినా 1 టీబీకి దాదాపు 22 గంటలు పడుతుంది. కనుక మొదటి కాపీ డ్రైవ్‌లో చేతికిచ్చి పంపి, ఆ తర్వాత మారినవి మాత్రమే నెట్‌లో పంపండి.

దీనికోసం రూటర్‌లో పోర్టులు తెరిచి నాస్‌ని బయటి ప్రపంచానికి చూపించొద్దు, వీపీఎన్ వాడండి. 2021 జూన్‌లో డబ్ల్యూడీ మై బుక్ లైవ్ వాడేవాళ్లకు తెల్లారేసరికి డ్రైవ్‌లు ఖాళీ అయ్యాయి, నెట్ నుంచి ఎవరో ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు. వాటికి 2015 తర్వాత అప్‌డేట్లే లేవు.

బెజవాడ ఫొటో

యూపీఎస్ మాట ఎవరూ ఎత్తలేదు. ఇంటి ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు మారే ఆ కాస్త సమయంలోనే నాస్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌కి మార్చండి, లేదా యూఎస్‌బీ కేబుల్ ఉన్న చిన్న యూపీఎస్ కొని నాస్‌కి కలపండి. బ్యాటరీ తగ్గగానే నాస్ తనంతట తానే సవ్యంగా ఆగిపోతుంది. ఇక్కడ మే నెల ఎండల్లో మూసిన అల్మరాలో పెడితే డిస్కులు 50 డిగ్రీలు దాటుతాయి, 45 లోపు ఉండేట్టు చూసుకోండి.

సాగరతీరం

యూపీఎస్ ఆర్డర్ పెట్టాను. పోర్టబుల్ డ్రైవ్‌ని అక్కావాళ్లింట్లో, రాజమండ్రిలో ఉంచుతున్నాను. ఇంకో రెండు ప్రశ్నలు. మళ్లీ ఇలా సైలెంట్‌గా సెక్టార్లు పాడవకుండా చూడాలంటే డేటా స్క్రబింగ్ పెట్టాలా? పాత డిస్కులు ఏం చేయాలి?

లైనక్స్ మావయ్య

రెండు డిస్కుల మిర్రర్ మీద ఈఎక్స్‌టీ4 ఉన్నప్పుడు ఈ బాక్స్‌లో స్క్రబింగ్, అంటే డేటా అంతా చదివి తప్పులు సరిచేసే పని, ఉండదు. దాని బదులు నెలకోసారి ఎక్స్‌టెండెడ్ స్మార్ట్ టెస్ట్ షెడ్యూల్ చెయ్యండి. రెండు డిస్కులకూ వేరువేరు రాత్రుళ్లు పెట్టండి, ఫలితం ఈమెయిల్‌కి వచ్చేట్టు చూడండి. పెండింగ్ అంకె సున్నా దాటిన రోజే కొత్త డిస్క్ ఆర్డర్ చెయ్యండి. మూణ్నెల్లకోసారి రాజమండ్రి డ్రైవ్ తెప్పించి, దాని మీది ఫైళ్లు కొన్ని నిజంగా తెరిచి చూడండి.

ఓరుగల్లు టెక్

పాత డిస్కులు రెండూ సీరియల్ నంబరుతో లేబుల్ వేసి కొన్నాళ్లు ఉంచండి, ఏదైనా ఫైల్ రాలేదని తర్వాత గుర్తొస్తే అవే దిక్కు. ఆ తర్వాత పాత సామాన్లవాళ్లకు వెయ్యొద్దు, మీ దస్తావేజుల స్కాన్లు ఉన్నాయి అందులో. పనిచేస్తున్న డిస్క్ అయితే మొత్తం సున్నాలతో ఒకసారి తిరగరాయండి. తిరగరాయడానికి సహకరించకపోతే డ్రిల్ మిషన్‌తో పళ్లాల గుండా రంధ్రాలు వేసి ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) తీసుకునేవాళ్లకు ఇవ్వండి. కొన్ని డిస్కుల్లో పళ్లాలు గాజువి ఉంటాయి, కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి.